చెట్ల పుస్తకంలో పదిహేనో పేజీ

నాకు జబ్బు చేసిన సంగతి మన్సూరాబాద్‌లో అందరికన్నా ముందు మా చింతచెట్టుకు తెలిసింది. ఆ రోజు దానికి నీళ్ళు అందలేదు. ఇరవయ్యొక్క ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

చింతచెట్టు అనగానే తల పైకెత్తకండి, కిందికి చూడాలి. మాది పద్నాలుగు అంగుళాల చెట్టు. మేం గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదులో కాపురం పెట్టిన ఏడాది మా ఆవిడ సుజాత పులుసులోకి చింతపండు పిసుకుతూ పక్కన పడేసిన గింజ అది. సరదాకి పెరుగు డబ్బాలో పాతితే మొలిచింది. తర్వాత దాన్ని పళ్ళెం లాంటి కుండీలోకి మార్చి, ఏడాదికోసారి వేళ్ళు కత్తిరించి, కొమ్మలకు తీగ చుట్టి వంచి, బోన్సాయ్ చేశాను. చూడ్డానికి నూరేళ్ళ చెట్టులా ఉంటుంది, ఎత్తు మాత్రం మంచినీళ్ళ బిందెంత. దాని పక్కన డాబా మీద జువ్వి, రావి, వెలగ, దానిమ్మ, కాగితంపూలు, అన్నీ కలిపి ఇంకో పదమూడు ఉన్నాయి.

మాకు పిల్లల్లేరు. ఈ మాట విన్నవాళ్ళు వెంటనే నా చెట్ల వైపు చూసి, అదీ సంగతి అన్నట్టు తలాడిస్తారు. అది కాదు సంగతి. నాకు చెట్లంటే ఇష్టం, అంతే. మనుషులకన్నా అవి చెప్పిన మాట వింటాయి.

ఏటా ఒక లాంగ్‌బుక్కు కొంటాను. చెట్టుకో పేజీ. పదిహేను రోజులకో వరుస. తేదీ, ఎత్తు, మొదలు చుట్టుకొలత, కొత్త చిగుళ్ళు, కత్తిరింపు, తీగ అని గడులు గీస్తాను. చివరి గడి పేరు ‘నీళ్ళు పోసింది ఎవరు’. ఆ గడిలో ఇన్నేళ్ళుగా పైనుంచి కింది దాకా ఒకటే మాట: నేను. ఎవరినీ పోయనిస్తే కదా వేరే మాట రాసేది. ఒకసారి సుజాత చూసి, “ఆ చివరి గడి దండగ కదండీ” అంది. “రికార్డన్నాక ఉండాలి” అన్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బోర్డు మీద మార్కరు, సాయంత్రం డాబా మీద కత్తెర. రెండూ కుడిచేతి పనులే. కాబట్టి ఇది మొదటి నుంచి చివరి దాకా నా కుడిచేతి కథ. ఆస్పత్రి వరండాలో కూర్చుని, డాక్టరు చెప్పిన పేరు ఫోన్లో కొట్టి చూసుకుని వణికిపోతున్న వాళ్ళెవరైనా దీన్ని చదివితే, ముందు ఆ ఫోను పక్కన పెట్టండి. నేను పెట్టలేదు, చాలా నష్టపోయాను.

జూలై

ముందో వారం కడుపు పాడైంది. తగ్గింది. తగ్గింది కదా అని క్లాసుకు వెళ్ళాను. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది, చెప్పులు కొత్తవి కదా అనుకున్నాను. బోర్డు మీద ఆరుగురు మనుషుల్ని గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెడుతుంటే చేతిలోంచి మార్కరు జారిపోయింది. ముందు వరసలో అమ్మాయి తీసిచ్చింది. మళ్ళీ జారింది. మళ్ళీ ఇచ్చింది. ఐదోసారి ఆ అమ్మాయి అక్కడే నిలబడిపోయింది, ఇక కూర్చోవడం దండగని. నేను నోటితోనే చెప్పి క్లాసు ముగించాను. ఆ గుండ్రటి బల్ల చుట్టూ ఆరో మనిషి ఎక్కడ కూర్చున్నాడో ఆ బ్యాచ్‌కు ఇప్పటికీ తెలీదు.

ఎల్బీనగర్లో మెట్రో దిగి మెట్ల మీదికి వచ్చేసరికి మోకాళ్ళు మడత మంచంలా మడిచేసుకున్నాయి. అక్కడే కూలబడ్డాను. కింద జామకాయలమ్మే ఆవిడ బుట్ట వదిలేసి పైకి వచ్చి, తన సీసాలో నీళ్ళు నా నోట్లో పోసింది. సీసా పట్టుకోబోతే వేళ్ళు మూసుకోలేదు. భయం అంటే ఏమిటో నాకు ఆ మెట్ల మీద తెలిసింది. అంతకుముందు భయపడ్డాననుకున్నవన్నీ ఉత్త కంగారులే.

మా కింది వాటాలో కిరాయికి ఉండే నర్సింహ బస్సు డ్రైవరు. సొంతూరు నల్గొండ పక్కన. జామకాయలావిడ చేత ఫోన్ చేయిస్తే ఆటో వేసుకుని వచ్చి, నన్ను చంకకింద చేతులేసి ఎత్తాడు. “పరేషాన్ గాకుండ్రి సార్, షుగర్ తక్కువైందేమో” అన్నాడు. అతనికి ఎవరు పడిపోయినా షుగరే. అట్నుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ ఎవరో నా ప్యాంటు విప్పి, ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి సుజాత చేతికిచ్చారు. ఆ ప్యాంటు జేబులో మా డాబా తాళంచెవి ఉంది. ఇది గుర్తుంచుకోండి.

డాబాకు తాళం ఎందుకంటే, నర్సింహ వాళ్ళమ్మ ఎల్లమ్మ వల్ల. డెబ్భై ఏళ్ళ మనిషి, పుట్టినప్పటి నుంచి పొలం పని చేసింది. కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తలో డాబా ఎక్కి నా చెట్ల చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత, “గింత పళ్ళెంల గింత మన్ను పోస్తె ఎట్ల పెరుగుతయి సారూ? కడుపు మాడుస్తున్నవా ఏంది?” అంది. పెరగకూడదనే కదా పెద్దమ్మా ఇదంతా అని అరగంట చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. వారం తర్వాత వెలగచెట్టు మీద ఆమె చీర ఆరేసి ఉంది. ఆ రోజే తాళం కొన్నాను.

ఆగస్టు

జబ్బు పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలు, జీబీఎస్. నేను చెప్పే బ్యాంకు పరీక్ష పేరులాగే ఉంది. కొందరికి కడుపు జబ్బు తగ్గాక ఒంట్లో కాపలా కాసే సైన్యమే పొరబడి సొంత నరాల మీద పడుతుందట. అది కాళ్ళ నుంచి పైకి పాకుతుంది. ఎక్కడిదాకా పాకి ఆగుతుందన్నది చూడాలి. ఊపిరి దాకా వెళ్తుందేమోనని నాలుగు రోజులు నన్ను అద్దాల గదిలో పెట్టారు. ఆ నాలుగు రోజుల గురించి ఎక్కువ రాయను. పైన ఫ్యాను తిరుగుతుంటే దానితో పాటు ఊపిరి లెక్కపెట్టుకున్నాను, అంతే.

ఐదో రోజు అది మెడ కిందే ఆగిందని చెప్పారు. సుజాత లోపలికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది. నాలుగు రోజులు బయట ఇనప కుర్చీల్లో కూర్చున్న మనిషి. నేనేమన్నానో తెలుసా? “చింతకి నీళ్ళు పోశారా?”

ఆమె చెయ్యి తీసేసింది. తాళంచెవి ఎక్కడుందని అడిగింది. నా ప్యాంటులో అన్నాను. ఆ ప్యాంటు ఆమె కుర్చీ కిందే, సంచిలో ఉంది. బయట నాలుగు రోజులుగా చినుకు లేదు. నర్సింహ ఆ సాయంత్రమే తాళంచెవి తీసుకెళ్ళి వాళ్ళమ్మకిచ్చాడు.

డాక్టరుగారు రౌండ్లకు వచ్చినప్పుడు నేను అడిగింది ఒకటే. “కుడిచెయ్యి?”

“కాళ్ళు ముందు వస్తాయి. చేతులు తర్వాత. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కగలగాలి, అది ఆఖరున వస్తుంది. చాలామందికి వస్తుంది.”

చాలామందికి అంటే అందరికీ కాదని రీజనింగ్ మాస్టారికి ఒకరు చెప్పాలా? బొటనవేలు నొక్కకపోతే మార్కరు లేదు, కత్తెర లేదు. అప్పుడు నేనేం చేయాలి? సెంటర్ వాళ్ళు జనవరి బ్యాచ్ దాకా నా క్లాసు వేరేవాళ్ళతో నడుపుతామన్నారు. జనవరి దాకా అన్న మాటను కూడా నేను రోజుకు పదిసార్లు విడదీసి చూసుకున్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకాయన ఇది పక్షవాతమేనన్నాడు, డాక్టర్లు పేరు మార్చారట. ఇంకొకాయన పావురం నెత్తురు రాయమన్నాడు. మా సెంటర్లో ఇంగ్లీషు చెప్పే ఆయన మాత్రం నా కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టి వెళ్ళిపోయాడు. మూడు వారాలుగా ఆ అద్దం మీది మరక గోక్కోలేని దురదలా నన్ను చంపుతోంది. ఆయనకు ఎలా తెలిసిందో.

మామూలు గదికి మారాక సుజాత చేత చెట్ల పుస్తకం తెప్పించాను. రోజూ నాలుగింటికి ఎల్లమ్మ ఫోన్లో రిపోర్టు ఇవ్వాలి, నేను చెప్పాలి, సుజాత రాయాలి. అదీ ఏర్పాటు.

“పెద్దమ్మా, చింత ఎలా ఉంది?”

“జర వాడింది గని లేస్తది సారు. నువ్వు నీ పానం జూసుకో.”

వారానికి, “చిగురేసింది సారు” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో వారానికి, “బెత్తెడు లేసింది.” నేను సుజాత వైపు చూశాను. ఇరవయ్యొక్క ఏళ్ళలో అంగుళానికి అంగుళం కొలిచి పెంచిన చెట్టు వారంలో బెత్తెడు లేవడమేమిటి? పోనీలే, పెద్దావిడ, నన్ను సంతోషపెట్టడానికి చెబుతోందనుకున్నాను. నెలాఖరుకి, “జానెడు దాటింది సారు, బంగారమసొంటి చెట్టు!”

“పెద్దమ్మా, కొమ్మకు రెండాకులు ఉంచి మిగతాది కత్తిరించాలి.”

“అట్లనే సారు.”

“కత్తిరిస్తున్నావా?”

“అట్లనే సారు.”

నేను ఫోన్ పెట్టించి సుజాతతో, “ఎత్తు, జానెడు ఎక్కువ. పక్కన ‘అబద్ధం’ అని రాయి” అన్నాను. ఆమె తలొంచుకుని ఏదో రాసింది. ఎటూ పుస్తకం లాక్కుని చూసే చేతులు నాకు లేవు.

పడుకున్నవాడికి నోరొక్కటే పని చేస్తుంది. దిండు ఎత్తుగా ఉందన్నాను, ఎత్తు తక్కువైందన్నాను. ఇడ్లీ ముక్క పెద్దదన్నాను. చెంచా ఎడమవైపు నుంచి పెట్టమన్నాను. ఒకరోజు గంజి గడ్డం మీద ఒలికితే అందరి ముందూ అరిచాను. సుజాత గిన్నె కింద పెట్టింది.

“ఆ పద్నాలుగు చెట్లకూ నోరు లేదు కాబట్టి మీతో బతుకుతున్నాయండీ” అంది.

అని బయటికి వెళ్ళిపోయింది. గంట సేపు రాలేదు. తర్వాత తెలిసింది, వెయిటింగ్ హాల్లో ఏడుస్తూ కూర్చుంటే హయత్‌నగర్ నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకావిడ టీ కప్పు చేతిలో పెట్టి, “మా ఆయన చెంచా కాదు, గిన్నే ఇసిరిండమ్మా” అందట. ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ గంటా నేను సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చాక క్షమించమని అడిగాను. చెంచా ఎడమవైపు నుంచే పెట్టింది.

సెప్టెంబరు నుంచి

ఇంటికి తెచ్చారు. మాది మొదటి అంతస్తు. నర్సింహా, వాళ్ళ డిపో స్నేహితులిద్దరూ నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగింపులా మెట్లు ఎక్కించారు. వీధిలో ఎవరో దణ్ణం కూడా పెట్టారు.

నాగోల్ నుంచి స్కూటీ మీద షాహీన్‌గారని ఫిజియోథెరపీ ఆవిడ వచ్చేది. నవ్వుతూనే మన ఎముకల సంగతి చూసే మనిషి. వంకర తిరిగిన నా వేళ్ళకు ఊతం పెట్టి పట్టీ చుట్టింది.

“ఇది ఎన్నాళ్ళు ఉంచాలండీ?”

“చర్మంలోకి దిగబడకముందే తీసేద్దాం సర్. మళ్ళీ కడదాం. వేళ్ళు అలవాటు పడేదాకా.”

కొమ్మకు తీగ చుట్టడం గురించి నేను మొక్కల ఎగ్జిబిషన్లో జనానికి చెప్పే మాటలు ఇవే, అక్షరం పొల్లు పోకుండా. నేను చుట్టేటప్పుడు కొమ్మకు ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. నొప్పిగా ఉంటుంది.

ఆవిడ ఇచ్చిన పని, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గింజలు బొటనవేలితో, చూపుడువేలితో తీసి వేయడం. ఎల్లమ్మ ఒక శేరు చింతగింజలు పంపింది. మొదటి రోజు మూడు. మూడు గింజలకు చెమటతో బనీను తడిసింది. మూడోది జారి మంచం కిందికి పోతే దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను.

కాళ్ళు నిజంగానే ముందు వచ్చాయి. డాబా ఎక్కుతానంటే సుజాత వద్దంటుంది. ఈ వారం వద్దు, తడిగా ఉంది. ఈ వారం వద్దు, ఎండగా ఉంది. “చెట్లన్నీ ఉన్నాయి కదా?” అని అడిగితే, “అన్నీ బతికే ఉన్నాయి” అనేది. అన్నీ ఉన్నాయనలేదు చూశారా? ఇలాంటి వాక్యాల మీద నేను ఏళ్ళుగా ప్రశ్నలు తయారుచేస్తున్నాను. ఆమె దగ్గర మాత్రం ఫెయిలయ్యాను.

నవంబరులో ఒక పొద్దున సుజాత స్నానానికి వెళ్ళినప్పుడు నేనే రెయిలింగ్ పట్టుకుని పద్దెనిమిది మెట్లు ఎక్కాను. తలుపుకు తాళం లేదు. పదమూడు చెట్లు వరసగా ఉన్నాయి, కడిగిన పిల్లల్లా. మొదటి చోటు ఖాళీ. చింత కుండీ శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.

అక్కడే పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. సుజాత తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది, వెనకాల ఎల్లమ్మ.

“చచ్చిపోయిందా?” అన్నాను.

“సావలే సారు. కిందికి రా, చూపిస్త” అంది ఎల్లమ్మ.

దిగడం ఎక్కడంకన్నా కష్టం. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళారు. బట్టలుతికే బండ పక్కన, గోడ వారన, నా నడుము దాటి ఒక చింతచెట్టు నిలబడి ఉంది. నేను ఇరవయ్యొక్క ఏళ్ళు వంచిన వంకరలు మొదట్లో అలాగే ఉన్నాయి. వాటి పైనుంచి కొమ్మలు మాత్రం ఎవడి మాటా విననట్టు నాలుగు వైపులా పోయాయి. తీగలు లేవు. ఒక కొమ్మ మీద నర్సింహ ఖాకీ చొక్కా ఆరేసి ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమేం అన్నానో రాయను. ఎల్లమ్మ అంతా విని, కొంగుతో మొహం తుడుచుకుని, నింపాదిగా చెప్పింది.

“నాలుగు దినాలు తాళమేసి ఎండబెట్టింది నువ్వే గద సారు. నేను పైకి పోయేసరికి ఆకంత రాలింది. మన్ను రాయి లెక్కయింది. గోటితోని కొమ్మ గీకి జూసిన, లోపల జర పచ్చగున్నది. గా పళ్ళెంల ఉంటె బతకదనిపిచ్చింది. తీగలు తెంపి భూమిల పెట్టిన. బతికింది. గిప్పుడు చెప్పు, నేను జేసింది తప్పా?”

“మీకు చెప్పొద్దన్నది నేనేనండీ” అంది సుజాత. “డాక్టరుగారు బీపీ పెరగకూడదన్నారు.”

ఇక్కడ నేను నిజం ఒప్పుకోవాలి. బోన్సాయ్ పెంచేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. చెట్టు చావుబతుకుల్లో ఉంటే కుండీలోంచి తీసి నేలలో పెట్టాలి. కత్తిరించకూడదు, తీగ కట్టకూడదు, ఒకటి రెండేళ్ళు దాన్ని దాని మానాన వదిలేయాలి. నేను ఎంతమందికో చెప్పాను. నా చెట్టుకు చేయగలిగేవాణ్ణా అంటే, చేసేవాణ్ణి కాదు. కుండీ పక్కన కూర్చుని కొలుచుకుంటూ చంపుకునేవాణ్ణి.

అది తెలిసి కూడా, “కత్తెర తెండి” అన్నాను. మొండితనం ఒకటుంది కదా.

సుజాత తెచ్చింది. చేతిలో పెట్టింది. ఎల్లమ్మ మొహం అటు తిప్పుకుంది. ఒక లేత కొమ్మను కత్తెర మధ్యలో పెట్టి నొక్కాను. బొటనవేలు నొక్కలేదు. ఎడమచెయ్యి ఊతం ఇచ్చి మళ్ళీ నొక్కాను. కొమ్మ కొంచెం వంగి, మళ్ళీ లేచింది. కత్తెర జారి బండ మీద పడింది.

ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. మెట్రో మెట్ల మీద రాలేదు, అద్దాల గదిలో రాలేదు, అప్పుడొచ్చింది. నాలుగు నెలలైంది, ఇక ఈ వేలు రాదేమో అన్నాను. పైకే అన్నాను. సుజాత కత్తెర తీసి కొంగుకు తుడిచింది. ఎల్లమ్మ ఖాకీ చొక్కా తీసి, “రేపు నొక్కుదువు గని, పా సారు, అంబలి చల్లారుతది” అంది.

మూడు రోజులు గింజల గిన్నె ముట్టలేదు. నాలుగో రోజు ఒక పాయింటు దొరికింది. రికార్డు! ఆస్పత్రిలో సంగతంతా తెలిసి కూడా, నేను చెప్పినట్టల్లా సుజాత తప్పుడు రికార్డు రాసింది కదా. పుస్తకం ముందేసుకుని, కుడిచేత్తోనే, పేజీ తిప్పడానికి ఐదేసి సార్లు ప్రయత్నిస్తూ తిప్పాను.

మొదటి పేజీ, చింత. ఆగస్టు మొదటి వరుసలో సుజాత గుండ్రటి అక్షరాలు: ‘ఆకులు రాలాయి. ఎల్లమ్మగారు భూమిలో పెట్టారు.’ రెండో వరుస: ‘బెత్తెడు.’ నేను అబద్ధం అని రాయమన్న చోట: ‘నిజం.’ నా పక్కనే కూర్చుని, నా మొహం ముందే, ఆమె ఉన్నదున్నట్టు రాసుకుంటూ పోయింది. ‘నీళ్ళు పోసింది ఎవరు’ గడిలో ఎల్లమ్మ పేరుంది.

పద్నాలుగు పేజీలూ చూశాను. పదిహేనోది ఖాళీగా ఉండాలి. లేదు.

పైన, ‘15. ప్రసాద్. వయసు 52. రకం: గుంటూరు.’ కింద రోజుకో వరుస.

‘ఎత్తు: అయిదు అడుగుల ఏడు అంగుళాలు, పడుకుని. కొత్త చిగుళ్ళు: లేవు.’

‘కొత్త చిగుళ్ళు: ఎడమకాలి బొటనవేలు కదిలింది. నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.’

‘తీగ: చేతికి సెలైను. కత్తిరింపు: నోరు కత్తిరించాలి. కుదరడం లేదు.’

‘ఈ రోజు అందరి ముందూ నన్ను తిట్టారు. గొంతు బాగా వచ్చింది. నయం.’

‘మొదలు చుట్టుకొలత: చాలా చిక్కారు. కొలవలేదు.’

నలభై మూడు వరుసలు, పదహారో పేజీ సగం దాకా. ఆఖరుది, ‘ఇంటికొచ్చాం.’ చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. వరుసలన్నిటిలోనూ చివరి గడి మాత్రం ఖాళీ. నీళ్ళు పోసింది ఎవరు అన్న చోట ఒక్క అక్షరం లేదు.

“ఇదెందుకు వదిలేశావ్?” అని అడిగాను. కూరగాయలు తరుగుతోంది.

“అది మీరు రాసుకునే గడి కదండీ. చెయ్యి వచ్చాక రాస్తారని ఉంచాను.”

రాకపోతే అని ఆమె అనుకోలేదా? అడగాలనిపించింది, అడగలేదు. గింజల గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

జనవరి, ఫిబ్రవరి

గింజలు ఇరవై అయ్యాయి, అరవై అయ్యాయి. ఒకరోజు షాహీన్‌గారు తన వేలు నా వేళ్ళ మధ్య పెట్టి నొక్కమంది. నొక్కాను. “అమ్మా!” అని వేలు లాక్కుని, “సర్, ఇప్పుడు నాకు ఫిజియోథెరపీ కావాలి” అంది. ఆవిడ వెళ్ళాక కూడా చాలాసేపు నా బొటనవేలు నేనే చూసుకుంటూ కూర్చున్నాను.

జనవరి బ్యాచ్‌కు పూటకో క్లాసు ఇచ్చారు. మార్కరుకు రబ్బరు తొడుగేసి రాస్తున్నాను. అక్షరాలు వాన నీళ్ళలో నడిచినట్టున్నాయి. ఒక కుర్రాడు లేచి, “సర్, అది ఐదా, ఆరా?” అన్నాడు. “అదే ప్రశ్న, కనుక్కో” అన్నాను.

చింత నేలలోనే ఉంది. టేపు చుట్టి కొలిచాను, ఆరు నెలల్లో మొదలు నేను ఆరేళ్ళలో పెంచినంత లావెక్కింది. వచ్చే వానాకాలం దాటాక తవ్వి మళ్ళీ కుండీలో పెడతానని ఎల్లమ్మకు చెప్పాను. “పెట్టు సారు, ఎవలొద్దన్నరు. అప్పటికి చూద్దాం” అంది. ఆమె ‘అట్లనే సారు’ అన్నప్పుడు ఏ గొంతో ఇదీ అదే గొంతు. డాబా తాళం తీసి ఆమెకే ఇచ్చేశాను, దేనికైనా పనికొస్తుందని. ఆమె దాన్ని ఊరగాయ జాడీ మూత మీద బరువుకు పెట్టుకుంది.

కలం నిలబడ్డ రోజు పుస్తకం తీశాను. ముందు మొదటి పేజీ. జూలై ఆఖరు వరుస, చివరి గడిలో, ‘నాలుగు రోజులు ఎవరూ లేరు. తాళం నా జేబులో ఉంది’ అని రాశాను. ఎలాగూ రికార్డు కదా.

తర్వాత పదిహేనో పేజీ. మొదటి వరుస, చివరి గడి. ‘సుజాత’ అని రాశాను. ‘సు’ కొమ్ము కింది వరుసలోకి పోయింది. రెండో వరుస, సుజాత. మూడో వరుస, సుజాత. ఏడో దగ్గర వేళ్ళు బిగుసుకుపోతే ఆగి, వేడినీళ్ళలో పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాను. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఎల్లమ్మ, “గా దవాఖాన్ల ఓ దినం అంబలి నేను గూడ పంపిన సారు” అని గుర్తు చేసింది. న్యాయమే. తొమ్మిదో వరుసలో ‘సుజాత, ఎల్లమ్మ’ అని రాశాను.

పదకొండో వరుసకు మణికట్టు లాగేస్తోంది. ఇంకా ముప్ఫై రెండున్నాయి. కలం కింద పెట్టి సుజాతతో, “నువ్వన్నది నిజమే. ఈ గడి దండగ” అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. కలం తీసి, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్ళు మూసింది.

“రికార్డన్నాక ఉండాలి కదండీ. రాయండి” అంది.